ఉబుంటు మీద బైండ్ 9: ఏళ్ల తరబడి వాడాక

మా ఆఫీసులో ప్రింటర్ల దగ్గర్నుంచి టెస్ట్ సర్వర్ల దాకా లోపలి పేర్లన్నిటికీ జవాబు చెప్పేది ఉబుంటు లినక్స్ మీద నడిచే బైండ్ 9, అంటే పేరు ఇస్తే దాని ఐపీ అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్. ఒకసారి కుదురుకుందంటే ఇక దాని జోలికి వెళ్లే పనే ఉండదు. కుదురుకునేదాకా మాత్రం మన ఓపికకు పరీక్ష పెడుతుంది. అయితే ఆ తిప్పల్లో ముప్పావు వంతు బైండ్‌వి కావు, దాని చుట్టూ ఉన్నవాటివి.

ఇన్‌స్టాల్ చేయడం ఒక్క కమాండ్ పని. అసలు తమాషా ఆ తర్వాత మొదలవుతుంది. డీఎన్‌ఎస్‌ని ప్రశ్నలడిగే డిగ్ టూల్‌తో 127.0.0.1ని, అంటే ఆ మెషీన్‌నే, అడిగితే జవాబు చక్కగా వస్తుంది, అదే మెషీన్‌లో పింగ్ కొడితే ఆ పేరే తెలియదంటుంది. ఎందుకంటే ఉబుంటులో ఏ డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడగాలో చెప్పే రిజాల్వ్.కాన్ఫ్ అసలు ఫైలు కాదు, సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే ఉబుంటు సొంత పేర్ల సర్వీసు వైపు చూపించే లింకు. ప్రశ్నలన్నీ ఆ సర్వీసు ఉండే 127.0.0.53కి పోతుంటాయి, బైండ్ దాకా రావు. ఆ ఫైల్ని చేత్తో దిద్ది ప్రయోజనం లేదు. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్‌లోనే నేమ్‌సర్వర్ మార్చాలి. రెడ్‌హ్యాట్ వాళ్లది ఇంకో రకం బాధ: అక్కడ సర్వీసు నడుస్తూనే ఉంటుంది, కానీ డీఫాల్ట్ సెట్టింగుల్లో లోకల్‌హోస్ట్‌కి తప్ప ఎవరికీ పలకదు.

జోన్ ఫైల్‌లో (ఒక డొమైన్‌లోని పేర్లు, అడ్రస్‌లు రాసుండే ఫైలు) పేరు చివర చుక్క సంగతి అందరూ చెప్పేదే, అయినా అందర్నీ ఏడిపించేదీ అదే. సీనేమ్ రికార్డులో (ఒక పేరు నుంచి ఇంకో పేరుకి చూపించేది) ‘ఫైల్స్.ఆఫీస్.ల్యాన్’ అని రాసి చుక్క వదిలేస్తే, బైండ్ చివర జోన్ పేరు మళ్లీ తగిలిస్తుంది, డిగ్‌లో ‘ఫైల్స్.ఆఫీస్.ల్యాన్.ఆఫీస్.ల్యాన్’ అని కనిపిస్తుంది. జోన్ ఫైల్ని తనిఖీ చేసే నేమ్డ్-చెక్‌జోన్ దీన్ని ప్రతిసారీ పట్టుకోదు. జోన్ మార్చినప్పుడల్లా పెంచాల్సిన సీరియల్ నంబరూ అంతే. తేదీతో రాసే ఆ నంబరులో ఎవరో తొందరలో 2024 బదులు 2042 అని కొట్టారనుకోండి, ఆ తర్వాత మీరు ఎన్ని మార్పులు చేసినా ప్రైమరీ నుంచి జోన్ కాపీ తెచ్చుకునే సెకండరీ సర్వర్ తన దగ్గరున్నదే కొత్తదనుకుని కదలదు. ముందు ప్రైమరీలో నంబరు సరిచేసి, సెకండరీ మీద ఆర్‌ఎన్‌డీసీ రీట్రాన్స్‌ఫర్ కమాండ్ కొడితే సీరియల్ చూడకుండా జోన్ మొత్తం తెచ్చుకుంటుంది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది సర్వ్‌ఫెయిల్, అంటే సర్వర్ జవాబు తేలేకపోయిందనే ఎర్రర్. అది కనిపించగానే అదే డిగ్‌కి ప్లస్ సీడీ (తనిఖీ వద్దనే ఆప్షన్) తగిలించి చూడండి. అప్పుడు జవాబు వచ్చిందంటే గొడవ డీఎన్‌ఎస్‌సెక్, అంటే జవాబులు అసలువేనా అని సంతకాలతో చూసే తనిఖీలో ఉన్నట్టే. వెంటనే చూడాల్సింది మెషీన్ గడియారం. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత సర్వర్, కరెంటు పోయి వచ్చాక ఏనాటి తేదీతోనో లేస్తుంది. ఆ తేదీకి సంతకాలేవీ చెల్లవు, బయటి పేర్లన్నీ ఆగిపోతాయి. టైమ్ సరిచేసుకోవాలంటే టైమ్ సర్వర్ పేరు తెలియాలి, ఆ పేరు తెలియాలంటే టైమ్ సరిగ్గా ఉండాలి! చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు తయారవుతుంది. అందుకే మా దగ్గర ఒక టైమ్ సర్వర్‌ని ఐపీ అడ్రస్‌తోనే రాసిపెట్టాం.

డైనమిక్ అప్‌డేట్లు (సర్వర్ నడుస్తుండగానే జోన్‌లో పేర్లు మార్చడం) వాడేవాళ్లు జోన్ ఫైళ్లని ఈటీసీలో కాకుండా వార్-లిబ్-బైండ్‌లో పెట్టుకోండి. లేకపోతే ఓనర్‌షిప్ అంతా సరిగ్గానే ఉన్నా ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. అడ్డుపడేది యాప్ఆర్మర్, అంటే ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ని ముట్టుకోవచ్చో చూసే ఉబుంటు కాపలాదారు. ఫైర్‌వాల్‌లో 53వ పోర్టును యూడీపీకే కాదు, టీసీపీకీ తెరవాలి. జోన్ ట్రాన్స్‌ఫర్లు, పెద్ద జవాబులు వచ్చేది ఆ దారినే. లాగ్‌లో ఐపీవీ6 ‘నెట్‌వర్క్ అన్‌రీచబుల్’ లైన్లు గుట్టలుగా పడుతుంటే, మీకు ఐపీవీ6 లేనప్పుడు బైండ్‌కి మైనస్ 4 ఆప్షన్ ఇస్తే సరి. రికర్షన్ (బయటి పేర్లకు కూడా జవాబు వెతికిపెట్టడం) మాత్రం మీ నెట్‌వర్క్ వరకే ఉంచండి. ఊరందరికీ తెరిచారంటే ఎవరి మీదో దాడికి మీ సర్వర్‌ని వాడుకుంటారు.

డాక్యుమెంటేషన్ లావుగా ఉంటుంది, ఎర్రర్ మెసేజులు పొడిపొడిగా ఉంటాయి. అయినా లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్‌లో ఆ పొడి మాటలే ఫైలు పేరు, లైన్ నంబరుతో సహా చూపిస్తాయి కాబట్టి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. పది కంప్యూటర్ల ఆఫీసుకు మాత్రం ఇంత బరువు అనవసరం, డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్‌ఎస్ సర్వర్ చాలు. సొంత జోన్లు పెరిగి, రెండో సర్వర్ కావాల్సి వచ్చినప్పుడు బైండ్ దగ్గరికి రండి.