అండమాన్‌లో పడవ టికెట్ దొరికాకే మిగతా ప్లాన్ (హేవ్‌లాక్, నీల్ అనుభవాలు)

అండమాన్ అనగానే అందరూ ముందు ఫ్లైట్, తర్వాత హోటల్, ఆ తర్వాత తీరిగ్గా మిగతావి చూస్తారు, నా మాట వింటే ఫ్లైట్ అవ్వగానే పడవ టికెట్లు చూసుకోండి, హోటళ్ళు ఎప్పుడైనా దొరుకుతాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ ద్వీపం, అక్కణ్ణుంచి నీల్ ద్వీపం, నీల్ నుంచి వెనక్కి, మొత్తం ట్రిప్ అంతా ఈ మూడు పడవల చుట్టూనే తిరుగుతుంది. డిసెంబరు, సంక్రాంతి సెలవుల్లో అయితే పొద్దుటి పడవలు చాలా ముందే నిండిపోతాయి, మధ్యాహ్నం పడవ దొరికితే ఆ రోజు అయిపోయినట్టే, ఎందుకంటే అక్కడ చలికాలంలో ఐదు దాటితే చీకటే. మన దేశమంతా ఒకటే టైం కదా, అండమాన్ అంత తూర్పున ఉండేసరికి పొద్దున ఐదున్నరకే ఎండ ముఖం మీద పడుతుంది.

ఇంకో మాట, పేర్లు చూసి కంగారుపడకండి. 2018లో హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్, నీల్‌ని షహీద్ ద్వీప్, రాస్ ఐలాండ్‌ని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ చేశారు, 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. టికెట్ మీద ఒకటుంటుంది, ఆటో అతను ఇంకోటంటాడు, అంతా ఒకటే.

మేము నేను, మా ఆయన, మా అత్తయ్య వెళ్ళాం. అత్తయ్యకి పడవ అంటే పాపికొండల లాంచీ ఒక్కటే తెలుసు, సముద్రం మీద ఎప్పుడూ ఎక్కలేదు, వాంతులవుతాయేమోనని వారం ముందునుంచే భయం. అందుకే పడవల సంగతి నేను కాస్త ఎక్కువే తవ్వాను.

ప్రైవేట్‌వి మాక్రజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటివి నడుస్తున్నాయి. మాక్రజ్, నాటికా మొత్తం ఏసీ, అద్దాలు బిగించేసి ఉంటాయి, హేవ్‌లాక్‌కి గంటన్నర అటూ ఇటూ. గ్రీన్ ఓషన్ కాస్త నెమ్మది కానీ పైన డెక్ మీదకి వెళ్ళనిస్తారు. సీటు క్లాసుని బట్టి మనిషికి పన్నెండు వందల నుంచి రెండు వేల పైచిలుకు దాకా ఉంటుంది. పెద్ద క్లాసు తీసుకుంటే ఏమొస్తుందంటే కాస్త వెడల్పు సీటు, విడిగా పై అంతస్తు, నాకైతే డబ్బు దండగనిపించింది, పైగా పడవలో ఎంత పైకెళ్తే ఊపు అంత ఎక్కువ. కడుపులో తిప్పే వాళ్ళు కింద అంతస్తులో వెనక వైపు మధ్య సీట్లు తీసుకోండి. అత్తయ్యకి ఎక్కడానికి ముందే వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర వేసేశాం, పొద్దున ఇడ్లీ రెండే తినమన్నాం, ఖాళీ కడుపుతో ఎక్కినా ఇబ్బందే.

ప్రైవేట్ పడవలు ఎక్కువగా హేడో వార్ఫ్ నుంచి, గవర్నమెంట్ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి. ఆటో ఎక్కేటప్పుడు ఏ జెట్టీయో గట్టిగా చెప్పండి. గంట ముందే వెళ్ళాలి, ఐడీ కార్డు చూస్తారు, బ్యాగులు స్కాన్ చేస్తారు, పెద్ద బ్యాగులకి ట్యాగ్ కట్టి పడవ ముందు భాగంలో గుట్టగా పడేస్తారు. మందులు, నీళ్ళు, ఫోను చేతి సంచిలో పెట్టుకోండి, ఆ గుట్టలోంచి మధ్యలో ఏదీ బయటికి రాదు.

బయల్దేరిన కాసేపు అంతా చాలా హాయిగా ఉంటుంది, ఒక పక్క రాస్ ఐలాండ్, ఇంకో పక్క నార్త్ బే లైట్‌హౌస్. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్లూ కొండా ఉంటాయే, ఆ బొమ్మ ఇక్కడిదే. ఎవరో చెబితే అత్తయ్య వెంటనే పర్సులోంచి పాత నోటు ఒకటి తీసి కిటికీకి ఆనించి పట్టుకుని పోల్చి చూడటం మొదలుపెట్టింది, వెనక సీట్లో గుజరాతీ కుటుంబం కూడా ఆ నోటు అడిగి తీసుకుంది, అది నాలుగు వరసలు తిరిగొచ్చేసరికి మేము బయటి సముద్రంలోకి వచ్చేశాం. అక్కడ మొదలైంది అసలు సంగతి. ఉన్నట్టుండి పడవ ముందు భాగం లేచి దబ్బున పడుతోంది, అద్దాల మీద ఉప్పు నీళ్ళు, పడవ కుర్రాళ్ళు చేతులకి గ్లవ్స్ వేసుకుని నల్ల కవర్లు పంచుకుంటూ వస్తున్నారు, టీవీలో మాత్రం హిందీ పాటలు ఆగలేదు. మా ముందు వరసలో కొత్తగా పెళ్ళైన జంట ఇద్దరూ కవర్లు పట్టుకుని అటొకరు ఇటొకరు. అత్తయ్య ఏం కాలేదు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. మా ఆయనకే అయ్యింది, మాత్ర అక్కర్లేదన్న మగాడు మరి.

హేవ్‌లాక్ సంగతి. జెట్టీ దగ్గర జీపులు, ఆటోలు రేట్ల బోర్డు ప్రకారమే వస్తాయి, బేరం పెద్దగా నడవదు. స్కూటీ రోజుకి ఐదారు వందలు, ఇద్దరైతే అదే మంచిది. బీచ్‌లకి అక్కడ నంబర్లు, రాధానగర్ అంటే ఏడో నంబరు బీచ్, జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. 2004లో టైమ్ పత్రిక దీన్ని ఆసియాలోనే మంచి బీచ్ అంది, 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) కూడా వచ్చింది. నేను మామూలుగా ఇలాంటి బిరుదులు నమ్మను కానీ ఇక్కడ నిజమే. ఇసక మెత్తగా ఉన్నా గట్టిగా అణిగి ఉంటుంది, నడుస్తుంటే కాలు కూరుకుపోదు, వెనకంతా పొడవాటి చెట్లు, బట్టలు మార్చుకునే గదులు శుభ్రంగా ఉన్నాయి. లైఫ్‌గార్డులు చీకటి పడగానే ఈలలు వేసి అందర్నీ బయటికి తోలేస్తారు. విసుక్కోకండి, 2010లో ఇక్కడే పక్కన ఒక అమెరికన్ అమ్మాయిని మొసలి పట్టుకుపోయింది, వాళ్ళు చెప్పిన హద్దులోనే దిగండి.

ఎలిఫెంట్ బీచ్ మీద మాత్రం నాకు సదభిప్రాయం లేదు. జెట్టీ నుంచి చిన్న స్పీడ్‌బోట్‌లో తీసుకెళ్తారు, టికెట్‌లోనే కాసేపు స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ కిందకి చూడటం) కలిపి ఉంటుంది, ఈత రాకపోయినా రింగు పట్టుకుంటే గైడ్ లాక్కెళ్తాడు. నీళ్ళల్లో చేపలు బాగున్నాయి, పగడాలు చాలా చోట్ల తెల్లగా చచ్చిపోయి ఉన్నాయి. గట్టు మీదకొస్తే జెట్ స్కీల మోత, ఫోటోలు కొనమని వెంటపడటం, మ్యాగీ కొట్ల దగ్గర క్యూ. వెళ్ళాలనుకుంటే మొదటి బోటుకే వెళ్ళి పదింటికల్లా బయటపడండి. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ అడుగుకి దిగడం) చేస్తే నయం, మా ఆయన చేశాడు, పడవలో పోయిన పరువు అక్కడ తిరిగొచ్చిందట.

హేవ్‌లాక్‌లో బస ఎక్కువగా ఐదో నంబరు బీచ్ విజయనగర్ వైపు ఉంటుంది. రిసార్టుల ఫోటోలన్నీ నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు తీసినవే. ఆటుకి సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది, రాళ్ళూ బురదా తేలతాయి, స్నానానికి పనికిరాదు. సూర్యోదయం మాత్రం ఆ వైపే చూడాలి. మేము దిగిన చోట పేరు చెప్పను, సీ వ్యూ అని డబ్బు తీసుకున్నారు, వ్యూలో మా ముందు ఇంకో రెండు వరసల కాటేజీలున్నాయి, అడిగితే "అటు చివర నిలబడితే కనిపిస్తుంది మేడమ్" అన్నాడు రిసెప్షన్ అబ్బాయి. కరెంటు పోతే జనరేటర్ ఫ్యానుకే, ఏసీకి కాదు. టిఫిన్ రోజూ అదే పూరీ, అదే బంగాళాదుంప. ఈ రేటుకి గోవాలో ఇంతకంటే మంచి గది వస్తుంది. తిండికి మాత్రం రిసార్టు వదిలేసి మూడో నంబరు దగ్గర బజార్లోకి రండి, ఇక్కడి వాళ్ళలో ఎక్కువమంది తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాలు, చిన్న చిన్న హోటళ్ళలో ఆవపెట్టిన చేపల కూర, పప్పు, అన్నం కడుపు నిండా పెడతారు. ఆవ ఘాటు అత్తయ్యకి పనసపొట్టు కూరని గుర్తు చేసిందట, రెండోసారి వడ్డించుకుంది.

నీల్ నాకు బాగా నచ్చింది, ఇంకోసారి వెళ్తే హేవ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గించి ఇక్కడ పెంచుతాను. హేవ్‌లాక్ నుంచి పడవ గంట లోపే. ఊర్ల పేర్లు వింటే మనూళ్ళో ఉన్నట్టే, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. అండమాన్‌కి కూరగాయలు ఎక్కువగా ఇక్కణ్ణుంచే వెళ్తాయి, రోడ్డు పక్కనంతా వంకాయ తోటలు, అరటి, వరి. మేము దిగింది ఒక బెంగాలీ కుటుంబం ఇంటి వెనక కట్టిన గదుల్లో, రెండు వేల లోపే, ఏసీ ఉంది, ఆవిడే వండి పెట్టింది, ఉదయం ఏ చేప కావాలో అడిగి బజారుకెళ్ళేది. అద్దె సైకిల్ మీద ద్వీపం మొత్తం ఒక రోజులో చుట్టేయొచ్చు.

లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గర సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది, దానికి కచ్చితంగా ఆటు టైం కనుక్కుని వెళ్ళాలి, పోటు మీద వెళ్తే వంతెన దాకా వెళ్ళలేరు. నీళ్ళు తీశాక రాళ్ళ మధ్య గుంటల్లో బుల్లి చేపలు, పీతలు, నల్లగా వేలు లావున పడుండే సముద్ర దోసకాయలు, గైడు ఒక్కొక్కటి వేలితో చూపిస్తాడు, మూడు నాలుగు వందలు తీసుకుంటాడు, ఇవ్వండి, లేకపోతే మీకు రాళ్ళే కనిపిస్తాయి. పాత పగడపు రాళ్ళు కత్తుల్లా ఉంటాయి, పైన పాచి, హవాయి చెప్పులతో వెళ్ళకండి. అత్తయ్యకి దారిలోనే గ్రిప్ ఉన్న రబ్బరు బూట్లు అద్దెకి దొరికాయి, చీర మీద ఆ బూట్లు, ఒక చేత్తో గైడు భుజం పట్టుకుని వంతెన కిందకి మాకంటే ముందే వెళ్ళిపోయింది.

ఫోను సంగతి, 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక చాలా మారింది, పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్‌లో నెట్ బాగానే వచ్చింది, ఫోన్‌పే తీసుకుంటున్నారు. నీల్‌లో మాత్రం వస్తూ పోతూ ఉంది, ఏటీఎంని నమ్ముకోకుండా చేతిలో క్యాష్ ఉంచుకోండి.

ఇక వెనక్కి వచ్చేటప్పుడు జరిగింది. నీల్ నుంచి మేము బుక్ చేసుకున్న ప్రైవేట్ పడవ సముద్రం బాగోలేదని రద్దయింది, ముందు రోజు రాత్రి మెసేజ్ వచ్చింది. రద్దు చేసినందుకు వాళ్ళని ఏమీ అనను, అలాంటి సముద్రంలో నడపకపోవడమే మంచిది. కానీ డబ్బు వెనక్కి రావడానికి ఇంటికొచ్చాక కూడా మెయిళ్ళ మీద మెయిళ్ళు పెట్టాల్సి వచ్చింది, కస్టమర్ కేర్ నంబరు మోగుతూనే ఉంటుంది. మేము దిగిన ఇంటి యజమాని సలహా మీద జెట్టీ కౌంటర్ దగ్గర పొద్దున్నే లైన్లో నిలబడితే గవర్నమెంట్ పడవకి మూడు టికెట్లు దొరికాయి, మనిషికి కొన్ని వందలే, ప్రైవేట్ దానితో పోలిస్తే నవ్వొచ్చేంత తక్కువ.

నిజం చెప్పాలంటే మొత్తం ట్రిప్‌లో బెస్ట్ పడవ అదే. కాస్త పాతది, సీట్లు చిరిగాయి, బాత్రూమ్ గురించి అడక్కండి, టైం కూడా ఎక్కువ పడుతుంది, కానీ పెద్దది, బరువైనది, అదే సముద్రంలో చిన్న పడవ ఎగిరెగిరి పడేచోట ఇది ఉయ్యాలలా మెల్లగా ఊగుతూ పోయింది. పైకెళ్ళి గాలికి నిలబడొచ్చు. కూరగాయల బస్తాలు, అరటి గెలలు, స్కూలు పిల్లలు, ఆస్పత్రికి వెళ్ళే ముసలాయన, మనం చూడ్డానికి వెళ్ళిన ద్వీపాల్లో బతికేవాళ్ళు రోజూ తిరిగే పడవ అది. ఎగిరే చేపలు కూడా ఈ డెక్ మీద నుంచే చూశాం. టికెట్లు ఆన్‌లైన్‌లో కొన్ని రోజుల ముందు మాత్రమే పెడతారు, త్వరగా అయిపోతాయి, స్థానికుల అవసరం ముందు కాబట్టి అది న్యాయమే. దొరికితే ఒక్క వైపైనా ఎక్కండి.

ఆ రోజు మాకు ఫ్లైట్ లేదు కాబట్టి కంగారు పడలేదు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా పెట్టుకోండి, ఇది మాత్రం తప్పనిసరి. 2016 డిసెంబరులో వాయుగుండం వచ్చి హేవ్‌లాక్, నీల్‌లో వెయ్యి మందికి పైగా టూరిస్టులు ఇరుక్కుపోతే నేవీ ఓడలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. ఇక మే నుంచి సెప్టెంబరు వరకు వానల్లో ఈ రద్దులు మామూలే.

ఆ మిగిలిన సాయంత్రం సెల్యులర్ జైలుకి వెళ్ళాం. ఏడు వరసల భవనంలో ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు గారి దళంలో పోరాడిన గాం మల్లుదొర శిక్ష గడిపింది ఈ అండమాన్‌లోనే, తర్వాత ఆయన 1952 ఎన్నికల్లో లోక్‌సభకి గెలిచారు. చెబితే అత్తయ్య ఒక గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. బయట ఆటో ఎక్కి మాట్లాడుకుంటుంటే డ్రైవర్ వెనక్కి తిరిగి "ఏటండీ, మనోళ్ళేనా?" అన్నాడు, వాళ్ళ తాత సోంపేట వైపు నుంచి చేపల వేటకి వచ్చాడట. ఇక్కడ 2011 లెక్కల్లో తెలుగువాళ్ళు దాదాపు 13 శాతం, బజార్లో హిందీ రాదని భయపడక్కర్లేదు. అతనే ఒక మెస్సుకి తీసుకెళ్ళాడు, గోంగూర, చేపల పులుసు, మజ్జిగ, అరటాకు భోజనం, వారం తర్వాత పులుపు తగిలేసరికి మా ఆయన మాట్లాడటం మానేశాడు.

వైజాగ్ నుంచి ఓడ కూడా ఉంది, రెండు మూడు రోజులు పడుతుంది, నెలకి ఒకటో రెండో, తేదీలు కాస్త ముందు మాత్రమే చెబుతారు. సెలవు లెక్కపెట్టుకునే ఉద్యోగస్తులకి కుదరదు, రిటైరైన వాళ్ళు, ఓడ సరదా ఉన్నవాళ్ళు ఒక వైపు ఓడ, ఒక వైపు ఫ్లైట్ పెట్టుకోవచ్చు.

ఆఖరుగా, బీచ్‌లో గవ్వలు, పగడపు ముక్కలు ఏరి బ్యాగులో వేసుకోకండి, ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో తీయించేస్తారు, మా ముందు ఒకావిడ బ్యాగంతా నేల మీద పరచాల్సి వచ్చింది. శంఖం కావాలంటే బజార్లో కొని బిల్లు తీసుకోండి, ఆ బిల్లు పెద్ద సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.