బాతు నూగుదా, పాలిస్టర్‌దా?

మా నెల్లూరులో చలంటే డిసెంబరు తెల్లవారుజామున ఫ్యాను ఒక నంబరు తగ్గించేంత. అలాంటి ఊరి నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకి, సుమారు 12,500 అడుగుల ఎత్తున్న మంచు కొండకి బయల్దేరాం, నేనూ మా బావా. నాది బాతు నూగు, అంటే ఈకల కింద ఉండే మెత్తటి బొచ్చు, నింపిన స్లీపింగ్ బ్యాగు. బావది పాలిస్టర్ది.

రెండూ ఒకే చలికి పనికొచ్చేవే. కానీ నాది కిలో లోపే, నొక్కితే మంచినీళ్ల చెంబంత అవుతుంది. బావది కిలోన్నర పైనే, వీపుసంచిలో సగం అదే తినేసింది. ఎక్కేటప్పుడు ఆయన ఆయాసం చూసి నవ్వుకున్నా.

రెండో రాత్రికి నా నవ్వు ఆగిపోయింది. మా ఊపిరి ఆవిరే టెంటు గోడకి పట్టి, నీళ్లై కాళ్ల వైపు కారింది. తడిసిన నూగు ఉండలు కట్టింది, ఉండల మధ్య ఉత్త గుడ్డే. వేళ్లు కొయ్యబారాయి. బావదీ తడిసింది గానీ వెచ్చదనం అంతగా పోలేదు, గురక కూడా ఆగలేదు.

ధరలో బావదే చవక. ఇంటికొచ్చాకా నాదే పేచీ: నొక్కి మూట కడితే నూగు పొంగు చస్తుంది, ఈ సముద్రపు గాలికి ముక్కిన వాసనొకటి. వదులుగా నూలు సంచిలో వేసి బీరువాలో పెట్టా.

ఏది కొన్నా లేబుల్ మీద ‘లిమిట్’ (ముడుచుకుని ఎలాగోలా తట్టుకోగలిగే చలి) కాదు, ‘కంఫర్ట్’ (హాయిగా నిద్రపట్టే చలి) అంకె చూడండి. ఏడాదికోసారి వెళ్లేవాళ్లకి బావదే చాలు. నేను మాత్రం మళ్లీ నూగుదే మోస్తా, ఈసారి టెంటు కిటికీ కాస్త తెరిచి.