పాత పెద్దింజన్ ఎస్టేట్: వోల్వో టీ5 మేలా, మెర్సిడెస్ ఈ320 సీడీఐ మేలా?

ఇక్కడ ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో మనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకటే అడుగుతున్నారు, పాత వోల్వో వీ70 టీ5 తీసుకోవాలా, మెర్సిడెస్ ఈ320 సీడీఐ ఎస్టేట్ తీసుకోవాలా అని. ఎస్టేట్ అంటే డిక్కీ మీద దాకా పైకప్పు సాగిన పొడవాటి కారు. రెండూ ఇరవై ఏళ్ల బళ్లే, రెండూ కొనేటప్పుడు చవకే, అసలు పెద్దింజన్ ఎస్టేట్ ఇంత చవగ్గా ఎందుకొస్తుందంటే తర్వాత పోసే డబ్బు చూసి జనం భయపడతారు కాబట్టి. ఇంటి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు నాలుగు 23 కేజీల పెట్టెలు, పచ్చళ్ల బ్యాగు, పిల్లల పుష్‌చెయిర్ అన్నీ ఒకే ట్రిప్పులో పట్టేది ఎస్టేట్‌లోనే. మా నాన్న మొదటిసారి హీత్రో కార్ పార్కులో చూసి "ఏరా, అంబులెన్స్ కొన్నావా" అన్నాడనుకోండి, అది వేరే సంగతి. మన దగ్గర టాటా ఇండిగో మెరీనా లాంటి ఎస్టేట్‌లు కూడా జనానికి ఎక్కలేదు కదా.

సరే, చాలామంది ముందు మైలేజీ అడుగుతారు. నేనైతే ముందు లాగ్‌బుక్‌లో (మన ఆర్‌సీ లాంటిది) రిజిస్ట్రేషన్ తారీఖు చూడమంటా. పెట్రోల్ టీ5కి 2006 మార్చి 23 అనేది లక్ష్మణరేఖ. ఇక్కడ రోడ్ టాక్స్ పొగలో వదిలే సీఓటూని బట్టి. అది కిలోమీటరుకి 225 గ్రాములు దాటిన కారు ఆ తారీఖుకి ముందు రిజిస్టరై ఉంటే కే అనే టాక్స్ బ్యాండ్‌లోనే ఆగిపోతుంది, 2025-26 రేటు 430 పౌండ్లు. ఆ రోజో ఆ తర్వాతో రిజిస్టరైందా, అదే కారు, అదే ఇంజన్, 735 కట్టాలి, 255 గ్రాములు కూడా దాటితే 760. ఒక్క తారీఖుకి ఏడాదికి 305 పౌండ్లు తేడా, ప్రతి ఏడూ! ఇంకో చిన్న సంగతి, కొన్నప్పుడు పాత ఓనర్ కట్టిన టాక్స్ మనకి రాదు, కొత్తగా కట్టాలి, నెలనెలా కడితే 5 శాతం ఎక్కువ.

మెర్సిడెస్‌కి తారీఖు లెక్క తిరగబడుతుంది, దానికి పాతది కాదు కొత్తది కావాలి. డీజిల్ కాబట్టి సీఓటూ మామూలుగా 225 లోపే ఉంటుంది, టాక్స్ కే బ్యాండ్ 430 దాటదు, కానీ 2006 ఫేస్‌లిఫ్ట్‌కి (అదే మోడల్‌ని మార్పులతో మళ్లీ వదలడం) ముందు వాటిలో ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేక్ సిస్టం ఉంటుంది, అందులో పంపు ఎన్నిసార్లు పనిచేసిందో బండే లెక్కపెట్టుకుని ఒకరోజు డాష్ మీద ఎర్ర మెసేజ్ పెడుతుంది, బ్రేక్ విషయం కదా, వాయిదా వేయడానికుండదు. ఫేస్‌లిఫ్ట్‌లో అది తీసేశారు. అంటే వోల్వో అయితే 2005ది, మెర్సిడెస్ అయితే 2007ది వెతుక్కోవాలి.

ఇప్పుడు పెట్రోల్, డీజిల్ ఖర్చు లెక్క. ఏడాదికి 8,000 మైళ్లు తిరుగుతాం, పెట్రోల్ లీటరు 1.35, డీజిల్ 1.42 పౌండ్లు అనుకుందాం. టీ5 ఊళ్లో బయటా కలిపి గాలన్‌కి 24 మైళ్లు ఇస్తే 1,515 లీటర్లు, దగ్గర దగ్గర 2,045 పౌండ్లు. ఈ320 35 ఇస్తే 1,040 లీటర్లు, 1,475 పౌండ్లు. డీజిల్‌కి 570 పౌండ్లు మిగులు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ మోడల్ డీజిల్ ఏదీ యూరో 6 పొగ ప్రమాణానికి రాదు, అంటే లండన్ యూలెజ్‌లో (పొగ ఎక్కువొదిలే బళ్లకి రోజువారీ ఛార్జీ వేసే ప్రాంతం) అడుగు పెట్టిన ప్రతి రోజుకీ 12.50 పౌండ్లు. 2023 ఆగస్టు 29 నుంచి హీత్రో, హౌన్స్‌లో (అది ఊరి పేరే), సౌతాల్ అన్నీ అందులోనే. 570ని 12.50తో భాగించి చూడండి, 46 రోజులు కూడా రాదు. వారం వారం హౌన్స్‌లో వెళ్లి బెండకాయలు, సోనా మసూరి తెచ్చుకునే ఇల్లయితే మిగులు మొత్తం అక్కడే పోయి ఇంకా మనమే ఎదురు పెట్టాలి. యూరో 4 పెట్రోల్‌కి ఆ బాధ లేదు, 2005 టీ5లు చాలావరకు యూరో 4యే, అయినా కొనే ముందు నంబర్ ప్లేట్ టీఎఫ్‌ఎల్ (లండన్ రవాణా సంస్థ) సైట్‌లో కొట్టి చూడండి, అమ్మేవాడి మాట నమ్మొద్దు.

రిపేర్ల విషయంలో రెండూ రెండే. టీ5కి టైమింగ్ బెల్ట్ ఉంది, తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజన్ పోతుంది, మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. రెండోది పీసీవీ, అంటే ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి లాగే గొట్టాలు, బాక్సు. ఇది పూడుకుపోతే ఆ ప్రెషర్‌కి ఆయిల్ సీళ్లు కారడం మొదలెడతాయి. కనిపెట్టడం తేలిక, ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి అక్కడ ఒక రబ్బరు గ్లవ్ తొడిగి ఐడిల్‌లో వదలండి. గ్లవ్ లోపలికి పీల్చుకుపోతే బాగున్నట్టు, ఐదు వేళ్లూ లేచి నిలబడి టాటా చెప్తే మనం కూడా టాటా చెప్పి వచ్చేయడమే.

మెర్సిడెస్‌కి బెల్ట్ కాదు, చైన్. పేరు 320 అయినా 2007 బండిలో ఉండేది 3 లీటర్ల వీ6, అంటే సిలిండర్లు రెండు వరసల్లో వీ ఆకారంలో ఉంటాయి, ఆ వీ మధ్యలో, టర్బో కింద, ఆయిల్ కూలర్ కూర్చుని ఉంటుంది. దాని సీళ్లు కారతాయి, సీళ్ల ఖరీదు ఏమీ లేదు, కానీ అక్కడిదాకా వెళ్లాలంటే పైనున్నవన్నీ విప్పాలి, కోడి కన్నా మసాలా ఖర్చెక్కువ అన్నట్టు కూలీయే బిల్లంతా. ఆ ఆయిల్ వెనక్కి పారి గేర్‌బాక్స్ దగ్గర చుక్కలు పడుతుంది కాబట్టి వేరే లీకనుకుని వేరే రిపేర్ చేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఇక వెనక ఎయిర్ సస్పెన్షన్. పొద్దున్నే వెళ్లి చూడండి, రాత్రంతా ఆగిన కారు వెనక భాగం కిందికి దిగి, చతికిలపడ్డ గేదెలా ఉంటే ఎయిర్ బ్యాగుల్లో గాలి పోతున్నట్టే, అలాగే నడిపితే కంప్రెసర్ కూడా ఆయాసపడి కాలిపోతుంది.

డీపీఎఫ్ గురించి, అంటే డీజిల్ పొగలో మసి పట్టే ఫిల్టర్ గురించి, నా గోల ఒకటి. రెండేళ్లు ఒక పాత డీజిల్ నడిపా, కంపెనీ పేరెందుకులే, తప్పు నాదే, ఇంటి నుంచి స్టేషన్‌కి మూడు మైళ్లు, మళ్లీ మూడు మైళ్లు, అంతే వాడకం. ఇంజన్ వేడెక్కే లోపే దిగిపోయేవాణ్ణి, వేడెక్కితేగానీ అందులో మసి కాలదు. లైటు వెలిగింది, ఆదివారాలు పనీపాటా లేకుండా ఎం4 మోటర్‌వే మీద స్విండన్ దాకా వెళ్లి రావడం మొదలెట్టా, ఫిల్టర్ శుభ్రం కోసం! మా ఆవిడ "మనం కారుని షికారు తిప్పుతున్నామా" అంది. పీకించేద్దామంటే 2014 నుంచి ఎంఓటీలో (ఏటా చేయించే ఫిట్‌నెస్ టెస్టు) అది ఉందో లేదో చూస్తున్నారు, లేకపోతే ఫెయిల్.

ఇన్సూరెన్స్‌కి రూల్ చెప్పలేం, లైసెన్స్ కొత్తదైతే రెండింటికీ వాచిపోతుంది, చూడ్డానికి వెళ్లే ముందే ఆ నంబర్‌తో కోట్ తీసుకోండి. ఎంఓటీ హిస్టరీ ఎలాగూ ఫ్రీ.

నా మాటేంటంటే, లీడ్స్, గ్లాస్గో అంటూ లాంగ్ డ్రైవ్‌లు వేసేవాళ్లకి, లండన్ మొహం పెద్దగా చూడనివాళ్లకి మెర్సిడెస్సే, బూట్ కూడా సీట్లు మడవకుండానే 690 లీటర్లు, వోల్వోకి 485. మాలాగా హౌన్స్‌లో, హీత్రో, స్కూల్ రన్ బతుకైతే టీ5, అదీ 2006 మార్చికి ముందుది. వచ్చే శనివారం న్యూబరీలో ఒకటి చూడ్డానికి వెళ్తున్నా, 2005 నవంబర్ రిజిస్ట్రేషన్, బెల్ట్ బిల్లు ఉందంటున్నాడు, గ్లవ్ మాత్రం నేనే తీసుకెళ్తున్నా.