గుంటూరులో యాక్సిడెంట్ కేసుల లాయరు గారు: మా అనుభవం

మా ఆయన మిర్చి యార్డులో గుమస్తా. లారీ గుద్ది తలకు దెబ్బ తగిలాక కూడా నడుస్తారు, నవ్వుతారు. బస్తాల లెక్క మాత్రం కుదరదు. "బాగానే ఉన్నాడుగా" అంటారు చూసినవాళ్లు. ఇన్సూరెన్సు వాళ్లదీ అదే పాట.

ఈ లాయరు గారు కాగితాలకన్నా ముందు "ఇంట్లో ఏమేం మర్చిపోతున్నారమ్మా?" అని అడిగారు. రోజూ నాచేత రాయించారు. మెడికల్ బోర్డు 40 శాతమే వేసింది. ఈయన 2010 నాటి సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ తీర్పు చూపించి, వైకల్యం శాతం ఒక్కటే కాదు, దానివల్ల సంపాదన ఎంత పోయిందో చూడాలని వాదించారు. లెక్క రాయలేని గుమస్తాకు పోయింది నలభయ్యేనా మరి? న్యూరాలజిస్టును సాక్షిగా పిలిపించారు. లోక్ అదాలత్‌లో రాజీ పడమని తొందరపెట్టలేదు.

ఫోను మాత్రం ఎత్తరు. జిరాక్సులకీ స్టాంపులకీ చేయి చాస్తూనే ఉంటారు ఆఫీసు కుర్రాళ్లు, అదొక చిరాకు. కానీ పరిహారంలో వాటా అడగలేదు. బార్ కౌన్సిల్ నియమాలు అలా అడగనివ్వవు, అయినా అడిగేవాళ్లున్నారు.

చట్టంలో ఆరు నెలల గడువు ఉంది కాబట్టి డిశ్చార్జి సమ్మరీ, స్కానింగులు, జీతం కాగితాలు పట్టుకుని త్వరగా వెళ్లండి. సాయంత్రం కోర్టయ్యాక అయితే మనిషి దొరుకుతారు.