12 గేజా, 20 గేజా: టెక్సస్‌లో పదకొండు సీజన్లు వాడాక నా మాట

పోయిన నెల మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, వేటకి వెళ్లేముందు చెయ్యాల్సిన హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసయ్యాను. ఇప్పుడు చెప్పు, షాట్‌గన్ 12 గేజ్ కొనమంటావా, 20 గేజ్ కొనమంటావా?" రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదిది. ఇదే ప్రశ్న దగ్గర నేను తప్పటడుగు వేసి మూడు సీజన్లు పోగొట్టుకున్నాను. అందుకే వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది డాలస్ పక్కన. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదే మొదటి తుపాకి కొన్నాను. ఇప్పుడు ఇంట్లో రెండున్నాయి: ఒకటి 12 గేజ్ రెమింగ్టన్ 870 పంపు, అంటే ప్రతి తూటాకీ చేత్తో లాగి తొయ్యాలి; ఇంకోటి 20 గేజ్ సెమీ ఆటో, అది తర్వాతి తూటా తనే ఎక్కించుకుంటుంది. మధ్యలో ఇంకా సన్నటి గొట్టం ఉన్న 410 ఒకటి వచ్చి వెళ్లింది. సెప్టెంబరులో గువ్వలు, చలికాలంలో బాతులు, నెలకోసారి క్లే షూటింగ్ (గాల్లోకి ఎగరేసే బిళ్లల్ని కొట్టడం), పిలిచినప్పుడు ఒక స్నేహితుడి రాంచ్‌లో అడవిపందులు. నా వాడకం ఇంతవరకే, కాబట్టి నా మాటలు కూడా ఇంతవరకే.

మొదట 12 ఎందుకు కొన్నానంటే, నాకు తెలిసిన తుపాకి అదొక్కటే. గుంటూరు జిల్లాలో మా పెదనాన్నగారికి రెండు గొట్టాల పన్నెండు బోరు ఉండేది, 12 గేజ్‌ని అక్కడ అలా అంటారు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ దాన్ని గుడ్డలో చుట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని వచ్చేవారు. నేను పుట్టేనాటికే మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో వేటకి కట్టడి వచ్చింది. ఆ తుపాకి పేలడం నేను ఎన్నడూ వినలేదు. కానీ తుపాకి అంటే పన్నెండు బోరే అన్నది మనసులో అలాగే ఉండిపోయింది.

అసలు ఈ అంకె ఏమిటంటే, ఒక పౌను సీసం లోహాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 గేజ్. 20 గుండ్లు చేస్తే ఒక్కోటీ చిన్నదవుతుంది, గొట్టమూ సన్నబడుతుంది. 12 గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20ది 15.6. ఒక్క 410 మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది నేరుగా అంగుళాల్లో కొలత.

కొత్తవాళ్లు ఎక్కువమంది పొరబడేది దీని తర్వాతే. 12 అంటే గట్టిగా కొడుతుంది, 20 అంటే మెల్లగా కొడుతుంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. షాట్‌గన్ తూటా నిండా పెల్లెట్లనే చిన్న గుండ్లుంటాయి; నంబరు వాటి సైజు, నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది. 8 నంబరు పెల్లెట్ ఏ గొట్టంలోంచి వచ్చినా 8 నంబరు పెల్లెట్టే. బయల్దేరిన వేగం ఒకటే అయితే గువ్వకు తగిలే దెబ్బా ఒకటే. తేడా ఎన్ని పెల్లెట్లు వెళ్తాయన్న దాంట్లో ఉంది. 7/8 ఔన్సు, అంటే దాదాపు 25 గ్రాములున్న 20 గేజ్ తూటాలో 8 నంబరువి 360 దాకా పడతాయి. 1 1/8 ఔన్సుల 12 గేజ్ తూటాలో 460 దాకా.

మరి ఆ వంద పెల్లెట్లు ఎక్కువున్నా నాకు మూడేళ్లు గువ్వలు ఎందుకు పడలేదు? ఆ జవాబు క్లే రేంజ్‌లో దొరికింది. అక్కడ నేర్పే పెద్దాయన ఒకరోజు నా తుపాకి తీసుకుని, నాకు కనపడకుండా తూటా పెట్టి తిరిగి ఇచ్చారు. బిళ్ల వదలమని "పుల్" అన్నాను. నారింజ రంగు బిళ్ల లేచింది. ట్రిగ్గర్ నొక్కాను. టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన పెట్టింది డమ్మీ తూటా. తుపాకి పేలనే లేదు, అయినా గొట్టం మూతి జానెడు కిందికి దిగిపోయింది. నా కళ్లు మూసుకుని ఉన్నాయి. భుజం ముందే దెబ్బ తినడానికి సిద్ధమై ముడుచుకుపోయింది. మూడేళ్లుగా ప్రతి గువ్వ మీదా నేను చేస్తున్నది ఇదే. పేలుడు మోతలో ఆ జంకు నాకెప్పుడూ కనపడలేదు, అంతే.

ఆయన తన 20 గేజ్ సెమీ ఆటో ఇచ్చి 25 బిళ్లల రౌండు కొట్టించారు. రౌండు సగానికి వచ్చేసరికి నా కళ్లు తెరుచుకున్నాయి, బిళ్ల పగిలి పొడి అవడం చూడగలిగాను. ఆ శీతాకాలమే 20 కొన్నాను. ఎనిమిదేళ్లయింది. గువ్వలకి మళ్లీ 12 తీసుకెళ్లలేదు. మా నార్త్ జోన్‌లో సీజను సెప్టెంబరు 1న మొదలవుతుంది, రోజుకి 15 పక్షులు పరిమితి. ఎండ మండిపోయే పొద్దుతిరుగుడు చేను గట్టున నాలుగు గంటలు కూర్చుని, ఒకటి రెండు పెట్టెల తూటాలు కాల్చి ఇంటికొచ్చిన రాత్రి, భుజం మీద మచ్చ లేకపోవడం ఎంత హాయో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. 20 అయితే చాలు, పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తన్నదు అనుకోకండి. తేలికపాటి 20లో మూడంగుళాల బరువు తూటా వేస్తే, బరువైన 12లో మామూలు తూటా కంటే గట్టిగా తన్నుతుంది. తన్ను తగ్గించేవి తుపాకి బరువు, తేలిక తూటా, గ్యాస్‌తో నడిచే సెమీ ఆటో, ఆపైన మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు మన ఒంటికి సరిపోవడం. మా ఆవిడ పొట్టి. ఆమె కోసం మడమ పొట్టిది వేయించాక అదే 20తో నాకన్నా బాగా కొడుతోంది.

నమ్మకం కుదరక కాగితం మీద కూడా చూశాను. 30 గజాల దూరంలో 30 అంగుళాల గుండ్రం గీసి, గొట్టం మూతిని కాస్త బిగించే ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్‌తో రెండూ కాల్చాను. నేనూ మా ఆవిడా నేల మీద కూర్చుని పెన్నుతో చుక్కలు పెడుతూ లెక్కపెట్టాం. 20లో 240 దాటాయి, 12లో 310 పైచిలుకు. గువ్వ ఆకారం కత్తిరించి ఎక్కడ పెట్టినా 20 కొట్టిన కాగితంలో కూడా నాలుగైదు రంధ్రాలు దాని కిందికి వచ్చాయి. 30 గజాల్లో గువ్వకి అంతకన్నా అక్కర్లేదు.

410 సంగతి. పిల్లలకి ఇది మంచిదని షాపులో కౌంటర్ దగ్గరి మనిషి చెబితే మా అబ్బాయి కోసం కొన్నాను. చాలా తప్పు సలహా. దాని మామూలు తూటాలో పట్టేది అర ఔన్సు, 8 నంబరువి 200 పెల్లెట్లు. అదీ సన్నటి గొట్టంలోంచి. గురి కాస్త తప్పినా బిళ్ల పగలదు. పిల్లవాడు వరసగా పద్నాలుగు తప్పి తుపాకి నా చేతిలో పెట్టేసి కారెక్కి కూర్చున్నాడు. 410 చెయ్యి తిరిగినవాళ్ల తుపాకి. పైగా దాని తూటాలు ఖరీదెక్కువ. పిల్లలకి 20 గేజ్, తేలిక తూటా, పొట్టి మడమ. మావాడికి అదే ఇచ్చాక మళ్లీ రేంజ్‌కి తనే రమ్మంటున్నాడు.

మిగతా గేజ్‌ల సంగతికొస్తే, 28 చేతిలో పట్టుకుంటే ముచ్చటేస్తుంది, కానీ తూటాల ఖర్చు నాకు కుదరదు. 16కి మా చుట్టుపక్కల షాపుల్లో తూటాలే అరుదు. 10 నేను వాడలేదు.

మరి 12 ఎందుకు ఉంచుకున్నాను? బాతుల కోసం. నీటి పక్షుల మీద సీసం వాడకూడదని 1991 నుంచి అమెరికా అంతటా నియమం. సీసం గుండ్లు నీళ్ల అడుగున పడితే బాతులు రాళ్లనుకుని మింగి విషమెక్కి చనిపోతాయి. కాబట్టి స్టీలు వాడాలి. స్టీలు సీసం కన్నా తేలిక, అందుకని పెల్లెట్ రెండు సైజులు పెద్దది తీసుకోవాలి. పెద్దవైతే తూటాలో తక్కువ పడతాయి. 2 నంబరు స్టీలు 20లో ఒక ఔన్సుకి 125, మూడంగుళాల 12లో 1 1/4 ఔన్సులకి 156. చలిగాలిలో 35 గజాల మీద పోతున్న బాతుకి ఈ తేడా లెక్కలోకి వస్తుంది. 20తో ఒక జనవరి ప్రయత్నించాను. రెండు బాతులు గాయపడి రెల్లులోకి వెళ్లి దొరకలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్టీలుకి బదులు బిస్మత్ అనే లోహం తూటాలు వేస్తే 20 కూడా సరిపోతుంది గానీ పెట్టె ధర చాలా ఎక్కువ. పంటలు తవ్వేసే అడవిపందులకీ 12నే, ఒకటే పెద్ద గుండు ఉండే స్లగ్ గాని, లావు గుండ్లుండే బక్‌షాట్ గాని. ఇంటి కాపలాకి ఏదైనా ఒకటే. తాళం ఉన్న సేఫ్‌లో ఉండాలి, తూటాలు వేరే చోట ఉండాలి.

రెండు గేజ్‌లు ఇంట్లో పెట్టుకునేవాళ్లు ఈ ఒక్కటీ మర్చిపోవద్దు. 20 తూటా పసుప్పచ్చగా ఉండేది అందం కోసం కాదు. అది పొరపాటున 12 గొట్టంలో పడితే లోపలికి జారి ముందు ఇరుక్కుంటుంది. వెనక ఖాళీగానే కనిపిస్తుంది. ఇంకో తూటా పెట్టి కాలిస్తే గొట్టం చెయ్యి దగ్గరే పేలిపోతుంది. నాలుగేళ్ల కింద చీకటితో బాతుల దగ్గర కూర్చుని, వెస్టు జేబులోంచి తూటా తీసి 870లో పెట్టబోతుంటే వేళ్ల మధ్య సన్నగా తగిలింది. తల మీది లైటు వేసి చూస్తే పసుపు. సెప్టెంబరులో మిగిలిపోయిన గువ్వల తూటా. ఆరోజు నుంచి గువ్వలకి ఒక వెస్టు, బాతులకి ఒకటి.

బావమరిదిని 20 గేజ్ గ్యాస్ సెమీ ఆటో, 28 అంగుళాల గొట్టం కొనుక్కోమన్నాను. వారం క్రితం తెచ్చుకున్నాడు. సెప్టెంబరు 1న తెల్లారగట్ల నాలుగింటికి మా ఇంటికొస్తాడు. వాడి వెస్టు జేబులు టీపాయ్ మీద దులిపించాకే కారు తీస్తాను.