మోటార్‌హోమ్‌లో జర్మనీ అడవి సీమకు: హార్జ్ మేలా, బ్లాక్ ఫారెస్ట్ మేలా?

మోటార్‌హోమ్ (పడక, వంటగది లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకొని జర్మనీ అడవుల నడుమ చిన్న ఊళ్లు చూడాలనుకునే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది నైరుతి మూలనున్న బ్లాక్ ఫారెస్ట్. దేశం నడుమనున్న హార్జ్ కొండల పేరు మనవారిలో అంతగా వినిపించదు. అయినా చేతిలో వారం రోజులే ఉంటే నేను హార్జ్‌కే ఓటు వేస్తాను.

దారి అందమే ముఖ్యమైతే బ్లాక్ ఫారెస్ట్‌కు సాటి లేదు. బాడెన్‌బాడెన్ నుంచి ఫ్రాయ్డెన్‌ష్టాట్ వరకు దాదాపు 60 కిలోమీటర్ల రహదారి కొండల మీదుగా, ముమ్మెల్‌జే సరస్సు పక్కగా సాగుతుంది. అయితే ఊరి నుంచి ఊరికి లోయలు దిగి ఎక్కవలసి ఉన్నందున పెద్ద బండికి సమయం ఎక్కువ పడుతుంది. ట్రీబెర్గ్, టిటిజే వంటి చోట్ల వేసవి రద్దీ కూడా తోడవుతుంది.

హార్జ్ ఉత్తరపు అంచున గోస్లార్, వెర్నిగెరోడె, క్వేడ్లిన్‌బుర్గ్ దగ్గరదగ్గరగా ఉన్నాయి. గోస్లార్ 1992లో, క్వేడ్లిన్‌బుర్గ్ 1994లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. క్వేడ్లిన్‌బుర్గ్‌లో కొయ్య చట్రాల పాత ఇళ్లు వెయ్యికి పైగా నిలిచి ఉన్నాయి. ఆ రాళ్లు పరచిన ఇరుకు సందుల్లోకి మోటార్‌హోమ్‌ను తీసుకుపోవాలని చూడకుండా, ఊరి అంచున మోటార్‌హోమ్‌లకు కేటాయించిన స్థలంలో నిలిపి నడిచి వెళ్లాలి. 1,141 మీటర్ల బ్రోకెన్ శిఖరానికి సొంత బండ్లను పోనివ్వరు. వెర్నిగెరోడెలో ఎక్కితే ఆవిరి రైలే పైకి చేరుస్తుంది, పిల్లలకు అంతకన్నా సంబరం ఏముంటుంది?

ఒక్క విషయం ముందే చెప్పాలి. హార్జ్‌లో పచ్చని అడవిని ఊహించుకొని వెళ్లేవారికి మనసు చివుక్కుమంటుంది. గనులకు కలప కావాలని తరతరాలుగా ఒకే జాతి స్ప్రూస్ చెట్లు నాటారు. 2018 నుంచి వచ్చిన కరువులకు అవి బలహీనపడగా బెరడు పురుగులు చుట్టుముట్టి కొండవాలులకు కొండవాలులనే ఎండగట్టాయి. జాతీయ ఉద్యానవనంలో చాలా చోట్ల ఆ మోడులను తీయకుండా వదిలేశారు, వాటి నడుమ కొత్త మొక్కలు లేస్తున్నాయి. నాకు ఆ దృశ్యమూ చూడదగినదే. దట్టమైన నీడ తప్పదనుకునేవారు మాత్రం బ్లాక్ ఫారెస్ట్‌కే వెళ్లాలి. అక్కడ కోనస్ పథకంలో చేరిన ఊళ్ల క్యాంపింగ్ స్థలంలో దిగి అతిథి పన్ను కడితే, ఇచ్చే కార్డుతో స్థానిక బస్సులు, రైళ్లు ఉచితం. బండిని అక్కడే ఉంచి లోయలన్నీ తిరగవచ్చు.