పులికాట్ ఉప్పునీళ్ళలో నాలుగేళ్ళు: ఇంట్లో కట్టిన బోటు కన్సోల్, వైరింగు ఎలా నిలిచాయి

పదహారడుగుల ప్లైవుడ్ బోటు, పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు, 25 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజను, మధ్యలో నిలబడి నడిపే కన్సోల్. కట్టింది తిరుపతిలో. తిరిగేది తడ వైపు పులికాట్ సరస్సులో. 2022 నుంచి ఆ వైపూ తిరుపతి జిల్లానే. నాలుగు వేసవులు, నాలుగు తుపాను కాలాలు చూశాక ఏది నిలిచిందో, ఏది ఎందుకు పోయిందో రాస్తున్నాం. ముందే చెప్పాలంటే, ఒక్కటి తప్ప పరికరాలు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. పోయినవాటిలో ఎక్కువభాగం వైరు కొసల దగ్గరే పోయాయి. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే మీటర్లు ఒకటి రెండు తగ్గించుకుని అయినా వైరుకూ టెర్మినళ్ళకూ పెట్టండి.

రేణిగుంట రోడ్డులోని ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో మాకు దొరికింది మామూలు రాగి వైరు. తగరం పూత ఉన్న టిన్డ్ వైరు చెన్నై నుంచి తెప్పించాం. తెప్పించింది సరిపోక, బోటు అడుగున (బిల్జ్‌లో) చేరే నీళ్ళను తోడే బిల్జ్ పంపుకూ వెనక లైటుకూ ఆటో వైరే వేశాం. అందువల్ల రెండింటినీ పక్కపక్కనే పోల్చే వీలు దొరికింది. పద్నాలుగు నెలలకు పంపు మందగించింది. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, తిరుగుతున్న పంపు దగ్గర 10.9. జాయింటు కోసి వైరు తొడుగు చీల్చి చూస్తే, రాగి పోగులు నల్లబడి, మధ్యమధ్య పచ్చటి పొడి. కొస దగ్గర మొదలైన ఆ నలుపు రెండు జానల దాకా లోపలికి పాకింది. దీపం వత్తి నూనె పీల్చినట్టే సన్నపోగుల వైరు ఉప్పునీటిని లోపలికి లాక్కుంటుంది. ఇలా నల్లబడిన వైరును కొస కోసి టెర్మినల్‌ను మళ్ళీ క్రింప్ చేసినా, అంటే ఒత్తి బిగించినా, లాభం లేదు, మొత్తం మార్చాల్సిందే. అదే గొట్టంలో పక్కనే ఉన్న టిన్డ్ వైరును ఈ ఏడాది విప్పి చూశాం. కొసన ఒక సెంటీమీటరు మేర మెరుపు తగ్గింది, అంతే.

వైరు మందం లెక్క చాలామంది ఒకవైపే వేస్తారు. కన్సోల్‌లోని బ్యాటరీ నుంచి వెనక పంపుకు 5 మీటర్లు. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి 10 మీటర్లు వేసుకోవాలి. మా పంపు 4 ఆంపియర్లు లాగుతుంది. 1.5 స్క్వేర్ ఎంఎం వైరుకు మీటరుకు సుమారు 0.0115 ఓములు, అంటే 0.46 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.28 మాత్రమే. పంపుకూ దారి లైట్లకూ నూటికి మూడు, అంటే 12 వోల్టుల మీద 0.36 మించి పోకూడదు. కాబట్టి 2.5 వేయాలి. ఇంజను స్టార్టరుకు 35 స్క్వేర్ ఎంఎం. అక్కడ వెల్డింగ్ కేబులు చవక అని వేయొద్దు. దాని పోగులు మరీ సన్నం, పైగా తగరం పూత ఉండదు.

జాయింట్ల విషయంలో మా తీర్పు గట్టిదే. మెలితిప్పి టేపు చుట్టినవి మే ఎండకు జిగురు కరిగి ఊడిపోయాయి. ఇంటి వైరింగులో వాడే ప్లాస్టిక్ బ్లాక్ కనెక్టర్ల స్క్రూలు ఆరు నెలల్లో తుప్పుపట్టి తల తెగాయి. ఇంటి డీబీలో (ఫ్యూజులుండే పెట్టెలో) ఉండే ఇత్తడి న్యూట్రల్ లింకును నెగెటివ్ బస్‌బార్‌గా, అంటే నెగెటివ్ వైర్లన్నీ కలిపే పట్టీగా వాడటం కూడా తప్పే. దాని స్క్రూ మొన నేరుగా పోగుల మీద నొక్కుతుంది. బోటు అదిరినకొద్దీ ఒక్కో పోగూ తెగిపోతుంది. సోల్డర్ ఒక్కదాన్నే నమ్ముకున్నా చిక్కే. వైరు అక్కడ బిరుసెక్కి, ఆ బిరుసు ఆగిన చోట విరుగుతుంది. నిలిచింది ఒకటే పద్ధతి: టిన్డ్ రింగ్ టెర్మినల్, రాట్చెట్ క్రింపర్‌తో ఒత్తి, గట్టిగా లాగి చూసి, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, రెండు కొసలా జిగురు బయటికి కనిపించేదాకా వేడిచేయడం. ఒక బోల్టు మీద నాలుగు రింగులకు మించి పేర్చకూడదు.

కన్సోల్ పెట్టె 9 ఎంఎం, డాష్ 12 ఎంఎం ప్లై, రెండూ మెరైన్ ప్లై ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర ఉన్నవి. అంతకన్నా తక్కువ రకమైన బీడబ్ల్యూఆర్ ప్లైని మెరైన్ అని అంటగట్టేవాళ్ళుంటారు, ముద్ర చూసే కొనండి. కోసిన ప్రతి అంచుకూ, వేసిన ప్రతి రంధ్రానికీ ఎపాక్సీ మూడుసార్లు పట్టించాం. ఒక్క కప్ హోల్డరు రంధ్రం మర్చిపోయాం, పెట్టె మొత్తంలో ఉబ్బింది అక్కడే.

స్విచ్ ప్యానెల్‌కు మొదట బోర్డులు రాసేవాళ్ళ దగ్గర దొరికే 3 ఎంఎం ఏసీపీ షీటు (ప్లాస్టిక్‌కు రెండువైపులా అల్యూమినియం పొర ఉన్నది) వాడాం. చూడటానికి బాగుంటుంది, కోయడం సులువు. కానీ దాని అల్యూమినియం పొర, స్టీలు స్క్రూలు తగిలిన చోట ఉప్పునీటికి పొడిపొడిగా లేచింది. ఇప్పుడున్నది 6 ఎంఎం హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు. పెయింటు పట్టదు, అందంగానూ ఉండదు, చెడిపోవడం మాత్రం లేదు. ఈ బోటులో మేం చేసిన మంచి పని ఏదంటే ఆ ప్యానెల్‌కు కింద మడతబందులు వేసి, పైన రెండు బిరడాలతో ముందుకు తెరుచుకునేలా పెట్టడం. 45 బై 30 సెంటీమీటర్ల ప్యానెల్ ఒడిలో పడ్డట్టు తెరుచుకుంటుంది. వెనక వైరు ఒక అడుగు ఎక్కువ వదిలాం. ఆ వైరు స్విచ్చుకు ఎక్కేముందు కిందికి ‘యు’ ఆకారంలో వంగాలి. కారిన నీళ్ళు స్విచ్చులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

రాకర్ స్విచ్చుల మీద వాటర్‌ప్రూఫ్ అని రాసున్నా అది ముందువైపుకే. వెనక టెర్మినళ్ళకు గాలి తగులుతూనే ఉంటుంది. అందుకే టెర్మినళ్ళకు డైఎలెక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు పూయాలి. స్విచ్చుల చుట్టూ సీలింగుకు వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వాడొద్దు. అది ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగిని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసున్న ట్యూబు అడిగి తీసుకోండి.

పెట్టెను పూర్తిగా మూసేస్తే పగలు కాగి రాత్రి లోపల చెమ్మ పడుతుంది. కింద రెండు, పైన రెండు గాలి రంధ్రాలు పెట్టాక వోల్ట్‌మీటరు అద్దం మసకబారడం ఆగింది.

కంపాస్ ఉంటే స్పీకరును దూరంగా పెట్టండి. కంపాస్ లైటుకు వెళ్ళే రెండు వైర్లనూ ఒకదానితో ఒకటి పెనవేయండి, అప్పుడు వాటి అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. కన్సోల్ నుంచి వెనక్కి వెళ్ళే 32 ఎంఎం పీవీసీ గొట్టంలో ఒక నైలాన్ తాడు వదిలేయండి, రేపు ఇంకో వైరు లాగడానికి అక్కరకొస్తుంది. గొట్టం అన్నిటికన్నా కిందికి వంగిన చోట ఒక 6 ఎంఎం రంధ్రం వేయకపోతే అందులో నీళ్ళు నిలుస్తాయి.

బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక జానెడు లోపే మెయిన్ ఫ్యూజు ఉండాలి, ఆ తర్వాతే మెయిన్ స్విచ్చు. పంపును దానంతటదే తిప్పే లైను మాత్రం మెయిన్ స్విచ్చుకు ముందు నుంచే, తన సొంత ఫ్యూజుతో పోవాలి. లేకపోతే బోటు కట్టేసి స్విచ్చు ఆపిన రాత్రే వాన కురిస్తే పంపు తిరగదు. ఆ ఫ్యూజు పంపు మీద రాసిన అంకెకు తగ్గట్టే ఉండాలి. మాది 7.5 ఆంపియర్లు. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం ఉంది కదా అని 20 ఆంపియర్ల ఫ్యూజు పెడితే, పంపు రెక్కలో చెత్త ఇరుక్కుని మోటారు ఆగినప్పుడు ఫ్యూజు పోదు, మోటారు కాలిపోతుంది. పంపుతో వచ్చే వైరు పొట్టిది. దాని జాయింటును బిల్జ్‌లో వదలకుండా, నీళ్ళు చేరని ఎత్తుకు తెచ్చి కలపండి. ఆటో వైరు నల్లబడిన చోట ఉన్నది సరిగ్గా ఈ జాయింటే.

నీళ్ళు పెరిగితే పైకి తేలి పంపును వేసే ఫ్లోట్ స్విచ్చు ఒక్కటే ఇప్పటికీ నమ్మకం కలిగించలేదు. నాలుగేళ్ళలో ఇది మూడోది. అందుకే కన్సోల్ మీద చేత్తో వేసే స్విచ్చు కూడా తప్పనిసరి. బయలుదేరే ముందు కిల్ స్విచ్ తాడు లాగి ఇంజను ఆగుతుందో లేదో చూడాలి. ఆ తర్వాత బిల్జ్‌లో రెండు బకెట్ల నీళ్ళు పోయండి. పంపు దానంతటదే తిరగాలి, నీళ్ళు ఖాళీ అయ్యాక దానంతటదే ఆగాలి. ఆగకపోతే మెయిన్ స్విచ్చుతో పని జరగదు, పంపు ఫ్యూజు తీసి ఫ్లోట్ కింద వేలు పెట్టి చూడండి. మాకు ఎక్కువసార్లు చేతికి తగిలింది తెగిన వల దారం ముక్కే.